మూడో ప్రకటన

“ఈ వివాహానికి అభ్యంతరం ఉన్నవాళ్లు సంఘానికి తెలియజేయాలి” అన్నారు పాస్టర్ జస్టిన్.

వెనక బెంచీలో కూర్చున్న జాషువాకు అభ్యంతరం ఉంది. లేచి చెప్పడమే కష్టం. పెళ్లికొడుకు అతనే.

జూలైలో అతనూ పెళ్లికూతురు ఆరాధనా కలిసి వచ్చి పేర్లు ఇచ్చారు. డిసెంబరులో పెళ్లి. దానికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదవాలి; ఇవాళ్టిది మొదటిది. ఈలోగా ప్రేమ పల్చబడిపోయింది. గొడవ లేదు, మధ్యలో ఇంకొకరు లేరు. అతనికి పాల్వంచ పవర్ ప్లాంటులో షిఫ్టులు. ఆమెకు భద్రాచలంలో నర్సు డ్యూటీలు. గంటల కాల్స్ నిమిషాలయ్యాయి. నిమిషాలు ‘తిన్నవా’, ‘తిన్న’ అనే మెసేజీలయ్యాయి. అక్టోబరులో ఆమె ఫోన్ చేసి “ఇగ చాలు” అంది. అతను “సరే” అన్నాడు. ఇంట్లోనూ చర్చిలోనూ చెప్పే పని మాత్రం మిగిలిపోయింది.

బయటికి రాగానే కాలనీలో పక్కింటి గ్రేసమ్మ పట్టుకుంది. “ఏం బిడ్డా, విందుకు మటనా, చికెనా?”

“ఇంకా అనుకోలే పెద్దమ్మా.”

“జల్దీ అనుకో. చికెనైతే నేను రాను.”

మధ్యాహ్నం బస్సుకు భద్రాచలం వెళ్లాడు. ఆరాధన యూనిఫాంలోనే హాస్పిటల్ క్యాంటీన్‌కి వచ్చింది.

“మన పేర్లు చదివిండ్రు” అన్నాడు.

“తెలుసు. గ్రేసమ్మ పెద్దమ్మ ఫోన్ చేసి చీర ఏ రంగని అడిగింది.”

“నువ్వేం చెప్పినవ్?”

“తెల్లదని.”

“పెండ్లి లేదని చెప్పొచ్చు గదా.”

“నువ్వు చెప్తవనుకున్న. చర్చి మీ ఇంటి పక్కనే ఉంది గదా.”

“పేర్లు ఇద్దామని తొందరపెట్టింది నువ్వు. నువ్వే చెప్తవనుకున్న.”

“అంటే నెల రోజులు ఇద్దరం ఊకె కూసున్నమా?”

“అవ్.”

ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు. ఆ నవ్వుతో జాషువా అభ్యంతరం సగం పోయింది.

ఇద్దరికీ ఒకేరోజు సెలవు దొరికేసరికి రెండో ప్రకటన కూడా అయిపోయింది. మూడోది చదివేస్తే ఇక పెళ్లే. గురువారం ఇద్దరూ పాస్టర్ ఇంటికి వెళ్లి పెళ్లి ఆపమన్నారు.

ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. “ఎవరికన్నా ముందే పెండ్లయిందా?”

“లేదు అయ్యగారూ.”

“దగ్గరి చుట్టాలా?”

“కాదు.”

“మరేంది? కారణం రాసి సంతకాలు పెట్టండి. కారణం లేకుంటే ఆదివారం చదువుత.” కాగితం ఇచ్చి ఆయన లోపలికి వెళ్లారు.

జాషువా పెన్ను తీశాడు. మళ్లీ మూత పెట్టాడు.

“కారణం లేదని రాద్దామా?”

ఆరాధన అతని వైపు చూసింది.

“నిజంగనే అంటున్న. ఇంకోసారి చూద్దాం. షిఫ్టు మార్పించుకుంట. రోజూ మాట్లాడుత.”

“హాస్టల్ రూంలో ఒక్కదాన్నే ఉంటే ఏమనిపించదు జాషువా. నువ్వు ఫోన్‌లో ఉన్నప్పుడే ఎవ్వరూ లేనట్టుంటది.”

ఎదురు చెప్పడానికి నోరు తెరిచాడు. ఆమె గొంతు స్పీకర్‌లో వినిపిస్తుండగా బట్టలు ఉతుక్కున్న సాయంత్రాలు గుర్తొచ్చాయి. ఆమె మాట ఆపేసినా తెలిసేది కాదు. తెలిసిన రోజున, అడిగేవాడు కాదు.

“నేనంటే ఇష్టం పోయిందా?”

“ఉంది. గదే తిప్పలు. లేకుంటే ఎప్పుడో వచ్చి ఆపించేదాన్ని.”

అతను రాశాడు: ‘ఇద్దరికీ ఇష్టముంది. అయినా ఎవరి ఒంటరితనం వారికే ఉంది.’

ఆమె చదివింది. “‘ఇష్టముంది’ కింద గీత గీసినవేంది?”

“అయ్యగారు చూడకుండ దాటేస్తరేమోనని.”

ఆమె గీత కొట్టేయలేదు. సంతకం పెట్టి పెన్ను అతనికిచ్చింది. అతని సంతకానికి కొంచెం ఎక్కువసేపు పట్టింది.

పాస్టర్ రెండుసార్లు చదివారు. “ఇరవై ఏండ్లల్ల గిసొంటి అభ్యంతరం చూడలే” అన్నారు. ఇళ్లలో ముందు చెప్పుకోమన్నారు. ఆ సాయంత్రమే ఎవరింట్లో వాళ్లు చెప్పారు.

ఆదివారం జాషువాకు చర్చికి పోబుద్ధి కాలేదు. పోకపోతే అమ్మ ఒక్కతే అందరికీ జవాబు చెప్పుకోవాలి. వెళ్లి అదే వెనక బెంచీలో కూర్చున్నాడు.

పాస్టర్ వేరే జంట పేర్లు చదివి పుస్తకం మూసేశారు.

తలలు ఒక్కటొక్కటిగా వెనక్కి తిరిగాయి. మొదట అతని వైపు. తర్వాత ఆడవాళ్ల వరుసల వైపు. జాషువా కూడా అటు చూశాడు. చివరి బెంచీలో ఆరాధన కూర్చుని ఉంది.

ప్రార్థన అయ్యాక గ్రేసమ్మ ఇద్దరినీ మెట్ల దగ్గర ఆపింది. “ఇద్దరూ ఈడనే ఉన్నరు. అడ్డం చెప్పిందెవరే?”

“మేమే పెద్దమ్మా” అంది ఆరాధన. “ఇద్దరం కలిసే చెప్పినం.”

గ్రేసమ్మ ఆరాధన తల నిమిరి పక్కకు తప్పుకుంది.

బస్టాండు దాకా ఇద్దరూ నడిచారు.

“డ్యూటీ ఇడిచిపెట్టి ఎందుకొచ్చినవ్?” అన్నాడు.

“నేను రాకుంటే అందరూ నిన్నొక్కణ్ణే చూస్తుండె.”

భద్రాచలం బస్సు సగం ఖాళీగా వచ్చింది. ఆమె కిటికీ పక్కన కూర్చుని, పక్క సీట్లో బ్యాగు పెట్టుకుంది. బస్సు కదిలేదాకా అతను కిందే నిలబడ్డాడు. తర్వాత రెండో షిఫ్టుకు వెళ్లాడు.