వరుసలో ముందున్న మేడం

శుక్రవారం పొద్దున నిర్మలాదేవి వంటింట్లో సర్వపిండి కాలుస్తోంది. కూతురు ప్రజ్ఞ కాలేజీకి సెలవు పెట్టి, కొత్త చీర కట్టుకుని, సంచిలో కొబ్బరికాయ, నిమ్మకాయలు సర్దుకుంటోంది. ఇవాళ ఆమె కారు చేతికొస్తుంది. ఆ సంగతి ఇంట్లో తల్లికి తప్ప ఎవరికీ తెలియదు.

మామూలు కారా అది! స్పోర్ట్ మోడల్, ఆరు గేర్లు, నీలం రంగు. జిల్లాకు ఏడాదికి ఒకటో రెండో వస్తాయట. ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెప్పే ప్రజ్ఞ ఐదేళ్లు జీతం కూడబెట్టి, ఎనిమిది నెలల కిందట బుక్ చేసుకుంది. షోరూం వాళ్లు ఊరుకుంటేగా! అసలు ధర మీద ఇంకో ఆరు లక్షలు ఇస్తే నెలలో బండి ఇస్తామన్నారు. దానికి యాక్సెసరీస్ ప్యాకేజీ అని ముద్దుపేరు కూడా పెట్టారు. నాలుగు రబ్బరు చాపలకు ఆరు లక్షలా అని ప్రజ్ఞ కస్సుమంది. పైసా ఎక్కువివ్వనంది. కంపెనీకి ఉత్తరాలు రాసింది. గ్రానైట్ వ్యాపారి మధుసూదన్‌రావు బిడ్డనని ఒక్క మాటంటే కరీంనగర్‌లో పని చిటికెలో అయిపోయేది. "బాపు పేరు చెప్ప. నా బండి నా వంతులనే రావాలె" అని తల్లితో ఒట్టు వేయించుకుని మరీ ఆగింది.

ఇంతలో ఫోన్ మోగింది. షోరూం మేనేజర్ కరుణాకర్.

"ఏందీ, బండికి దారిల దెబ్బ తాకిందా? నిన్ననే మీ యార్డుల కండ్లార చూసిన, ఇంజిన్ కాడి నంబరు ఫొటో సుత తీసుకున్న!" ప్రజ్ఞ గొంతు ఇల్లంతా వినిపించింది. "ఇంకో నాలుగు నెలలా? మనుషులేనా మీరు?"

అవతల ఫోన్ పెట్టేశాడు. ప్రజ్ఞ సంచిని అలాగే ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూలబడింది.

"బాపుకు ఒక్క మాట చెప్తనే బిడ్డా" అంది నిర్మలాదేవి.

"చెప్పినవంటే నీతో మాట్లాడ!"

అప్పుడే గేటు దగ్గర హారన్ మోగింది. ఆ వెంటే మధుసూదన్‌రావు గొంతు. "నిర్మలా! హారతి పట్టుకొని రా! జల్ది!"

నిర్మలాదేవి కర్పూరం వెలిగించిన పళ్లెంతో వాకిట్లోకి వచ్చి, రెండో మెట్టు మీదే ఆగిపోయింది. ముందు బంతిపూల దండ వేసుకుని నీలం కారు నిలబడి ఉంది. కొడుకు వంశీధర్‌రావు స్టీరింగ్ ముందు నుంచి దిగి చెమట తుడుచుకున్నాడు.

"గేర్లు జర గట్టిగున్నయవ్వా. కమాన్ చౌరస్తా కాడ రెండుసార్లు ఆగిపోయింది."

"అలవాటైతది తియ్యి" అని మధుసూదన్‌రావు నవ్వాడు. "ఎల్లుండి మంచిర్యాలకు పిల్లను చూడవోతున్నం గద. మనోడు గీ బండి దిగుతుంటే వాళ్లు నోరెళ్లబెట్టాలె. ముహూర్తం బాగుందని బండి ఇప్పుడే తెచ్చిన. బిల్లు, కాగితాలు సోమవారం చేస్తరు."

తల్లి వెనకే వచ్చిన ప్రజ్ఞ మెట్లు దిగింది. వెళ్లి బానెట్ ఎత్తమంది, వంశీ ఎత్తాడు. ఫోన్‌లో నిన్నటి ఫొటో తెరిచి, ఇంజిన్ నంబరుతో ఒక్కో అంకె పోల్చి చూసుకుంది. తర్వాత తండ్రి వైపు తిరిగింది.

"పైన ఎంతిచ్చినవ్ బాపు?"

"అడిగినంత ఇచ్చిన. బేరమాడుడు మన ఇంట్ల ఉన్నదా?"

"గిది నా బండి. ఎనిమిది నెలల సంది వరుసల నిలబడ్డ. వాళ్లు అడిగిన ఆరు లక్షలు ఇయ్యనని కొట్లాడిన. నువ్వు చేతుల వెట్టి తెచ్చుకున్నవ్!"

మధుసూదన్‌రావు తెల్లబోయాడు. మరుక్షణం సర్దుకున్నాడు. "నాకేం ఎరుక బిడ్డా? చెప్తే నేనే కొనిపెడుతుంటి గద! సరే, గిది నువ్వే తీసుకో. వంశీకి ఇంకోటి తెస్త. గింత దానికి లొల్లెందుకు?"

"ఇంకోటి ఎవరిది గుంజుకొస్తవ్? నాది గాకుంట ఇంకో ఇంటి ఆడపిల్లదైతే నీకు మంచిగనే ఉండునా?"

"నోరు జాగ్రత్త! నేను దొంగతనం చేసినన్నా? నిర్మలా, ఏం చూస్తున్నవ్? హారతియ్యి!"

"ఇయ్య" అంది నిర్మలాదేవి.

ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మాట ఆయన వినలేదు, ఆమె అనలేదు. పళ్లెం అరుగు మీద పెట్టేసింది. "అడిగినంత ఇచ్చుడే గొప్పనుకున్నరు. నేను సుత గట్లనే మురిసిన. ఆ పైసలతోని ఎవల నోటికాడిది గుంజుతున్నరో ఎన్నడన్న అడిగిండ్రా? ఇయ్యాల అడుగుండ్రి. నా ముందట అడుగుండ్రి."

"అడుగుత! భయమా నాకు?" మధుసూదన్‌రావు విసురుగా ఫోన్ తీసి స్పీకర్ పెట్టాడు. "కరుణాకర్! నాకిచ్చిన బండి అసలు ఎవరిదయ్యా?"

"గా ఫికర్ మీకెందుకు సార్? నిన్న చెప్పిన గద, లెక్చరర్ మేడం అని. పైన రూపాయి రాల్చదు, కంపెనీకి ఉత్తరాలు రాస్తది. పొద్దున్నే దెబ్బ తాకిందని చెప్పి తోలేసిన." కరుణాకర్ పకపకా నవ్వాడు. "మీరు సుత నవ్విండ్రు గద సార్! ముందున్నోళ్లను పక్కకు పెట్టు, పైసల్లేని మేడంను ఆర్టీసీ బస్సుల తిరుగుమను అంటిరి. ఒకటే నవ్వినం సార్ మేమందరం!"

ఫోన్‌లో కరుణాకర్ సార్, సార్ అంటూనే ఉన్నాడు. వంశీ వచ్చి తండ్రి చేతిలోంచి ఫోన్ తీసుకుని కట్ చేశాడు.

అంత మనిషీ అరుగు మీద కూలబడ్డాడు. కూతురి ముఖం చూడలేకపోయాడు. నిన్న షోరూంలో ఆ మేడం ఎవరో ఏమిటో ఆయన అడగలేదు. కడుపునిండా నవ్వి, టీ తాగి వచ్చాడు.

"గా నవ్వినోన్ని నేనే బిడ్డా" అన్నాడు. కళ్లలోంచి నీళ్లు బొటబొటా రాలాయి. "నిన్నే అన్న. నా నోటితోనే అన్న."

ప్రజ్ఞకూ ఏడుపు తన్నుకొచ్చింది. కానీ దగ్గరికి వెళ్లలేదు. కోపం అంత తొందరగా చల్లారేది కాదు.

ఆయన కండువాతో ముఖం తుడుచుకుని లేచాడు. "షోరూంకు నడువు. వాని సంగతి చూస్త. నా పేరు చెప్తే..."

"మళ్ల నీ పేరేనా? నీకు భయపడి ఇస్తే అది నా వంతెట్లయితది?" ప్రజ్ఞ చెప్పులు వేసుకుంది. "నేనే మాట్లాడుత. వాడు చెప్పిన అబద్ధం నా ముందట ఒప్పుకోవాలె. ఉన్న ధరకు నా పేరు మీద బిల్లు రాయాలె. గప్పటిదాక నేను స్టీరింగ్ ముట్ట. వంశీ నడుపుతడు. నువ్వు వస్తే రా, కాని జర పక్కకు నిలబడు."

కరీంనగర్‌లో మధుసూదన్‌రావును పక్కకు నిలబడమన్నవాళ్లు ఇంతవరకూ లేరు. ఆయన ఏమంటాడోనని నిర్మలాదేవి ఆయన వంకే చూసింది.

"నిలబడుత బిడ్డా" అన్నాడాయన. వెళ్లి నీలం కారు వెనక సీట్లో కూర్చున్నాడు.