ఐసు ఫ్యాక్టరీ వంతెన మీద ఎర్ర చుక్కలు

మొగల్తూరు వైపు చెరువుల దగ్గర్నించి భీమవరం వచ్చే దారిలో, మూతబడిన ఐసు ఫ్యాక్టరీ పక్కన, మురుగు కాలవ మీద ఒక వంతెన ఉంది. నిటారుగా ఎక్కి నిటారుగా దిగాలి. చీకటి పడ్డాక దాని మీద ఎవరూ బండి ఆపరు.

ఆపితే — చిన్నమ్మాయి ఎక్కుతుందంటారు.

ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన లోవమ్మ కూతురట. ఎనిమిదేళ్లది. ఓ రాత్రి గ్యాసు లీకై పిల్లకి ఊపిరాడలేదు. రొయ్యలు తోలే వ్యానులో వేసుకుని బయల్దేరారు. వంతెన ఎక్కుతుంటే వ్యాను మొరాయించింది. డ్రైవరు కంగారులో తొక్కాడు… ఇంకా తొక్కాడు… పొగలొచ్చి బండి అక్కడే కూలబడింది. పిల్లా అక్కడే పోయింది.

అప్పట్నించీ ఎక్కే బళ్లని వెనక్కి పట్టుకుంటుందట. ఏదో మాడిన వాసన వస్తుందట. తెల్లారి చూస్తే రోడ్డు మీద నెత్తురు చుక్కలుంటాయట. అందుకే మా వైపు ఒకటే మాట — వంతెన మీద ఇంజను ఆపకు, వెనక్కి చూడకు.

నేను నవ్వేదాన్ని. పోయిన కార్తీకం దాకా.

మా అమ్మాయి శ్రీసత్యకి ఉబ్బసం. కాలేజీకి సెలవులని ఇంటికొచ్చింది. మా చెరువులో రొయ్యల పట్టుబడి చూస్తానంటే ఆ రోజు వెంట తీసుకెళ్లాను. మావారు రొయ్యపిల్లల సీడు కొనే పని మీద రాజమహేంద్రవరం వెళ్లారు. పొద్దు వాలాక మంచు దిగింది. గట్టు మీద ఎవరో చెత్త తగలబెట్టారు. ఆ పొగకి పిల్ల వంగిపోయింది. ఉబ్బసం మందు పంపు నోట్లో పెట్టి నొక్కితే… ఉత్త గాలి. అయిపోయింది.

అంబులెన్సు కోసం చూసే వ్యవధి లేదు. ముందు సీట్లో కూర్చోబెట్టుకుని నేనే బయల్దేరాను.

నాకొచ్చింది గేర్లు వాటంతటవే పడే కారొక్కటే. క్లచ్చి నా వల్ల కాదని మావారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగిన బండి. నెల రోజుల్నించీ డ్రైవ్‌లో వేస్తే వెంటనే కదిలేది కాదు. ఒక్క క్షణం ఆగి, ఒక్క కుదుపు కుదిపి కదిలేది. చెబితే నవ్వారు. "నీలాగే ఆలోచించుకుని కదుల్తోంది."

దారి పొడుగునా శ్రీసత్య పిల్లికూతల ఊపిరే వింటూ వచ్చాను.

వంతెన వచ్చింది.

సగం ఎక్కాం. ఇంజను ఒక్కసారిగా అరిచింది… బండి మాత్రం ఎక్కడం లేదు. ఇంకా తొక్కాను. ఇంకా అరిచింది. వెనక ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు — మెల్లగా, మెల్లగా వెనక్కి జారుతోంది.

అప్పుడొచ్చింది వాసన. ఏదో మాడుతున్న వాసన.

ఆపకూడదు. వెనక్కి చూడకూడదు. దేవుడా అంటూ నేల కానేదాకా తొక్కాను. పక్కన పిల్ల ఊపిరి… ఆగి ఆగి వస్తోంది.

"అమ్మా…"

చెవి పక్కనే. గుసగుసగా.

"తొక్కొద్దమ్మా… ఆపెయ్. కాసేపు ఊరుకో."

ఎప్పుడూ మమ్మీ అనే పిల్ల. భయమేసిందేమో, అమ్మా అంటోంది అనుకున్నాను. ఆ గొంతుకి ఎదురు చెప్పలేకపోయాను. "సరే తల్లీ" అన్నాను. చేతి బ్రేకు లాగి, లీవరు పార్కులోకి నెట్టి, ఇంజను ఆపేశాను. లోపల్నించి తలుపులు లాక్ చేశాను.

చీకటి. కప్పల గోల. ఫ్యాక్టరీ రేకు ఎక్కడో టపటపలాడుతోంది. శ్రీసత్య వీపు రాస్తూ కూర్చున్నాను. ఎంతసేపో తెలీదు. పది నిమిషాలేమో. నాకు పదేళ్లు.

మళ్లీ తాళం తిప్పాను. డ్రైవ్‌లో వేశాను. కుదిపింది… పట్టుకుంది… నడక వేగంతో ఎక్కింది. దిగింది.

భీమవరం ఆసుపత్రిలో పిల్ల ముఖానికి మాస్కు పెట్టారు. అరగంటకి పెదాల నీలం పోయింది. బయటికొచ్చి చూస్తే — లైటు కింద, మా కారు వచ్చిన దారంతా ఎర్రటి చుక్కలు.

కారు వైపు చూడకుండా లోపలికి వచ్చేశాను.

మూడో రోజు బండిని లాగించుకుని ఆరోన్ షెడ్డుకి తీసుకెళ్లాం. ఆటోమేటిక్ బళ్లు బాగుచేసే మెకానిక్ అతను. శ్రీసత్యా వచ్చింది. నేను నెత్తురు చుక్కలంటే అతను తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"నెత్తురు కాదండి, గేర్‌బాక్సు ఆయిలండి. ఇంజను ఆయిలు కాదని తెలియడానికి ఎర్రరంగు కలుపుతారు. కొత్తది దానిమ్మరసంలా ఉంటుంది." కొలకర్ర లాగి తెల్ల గుడ్డకి తుడిచి చూపించాడు. చిక్కటి కాఫీ రంగులో ఉంది. చుట్టూ పల్చగా ఎరుపు. అదే మాడు వాసన.

"ఇందులో ఇంకేదో కలిసిందండి. ఎవరు పోశారు?"

మావారు గొంతు సవరించుకున్నారు. "కాస్త తగ్గిందని… ఏరియేటర్లకి పోసేది మిగిలితే…"

"రాజుగారూ! చెరువులో చక్రం తిప్పే గేర్‌బాక్సు ఆయిలా?"

"గేర్‌బాక్సంటే గేర్‌బాక్సే కదయ్యా!"

"ఆయ్. రొయ్యకీ మనిషికీ ఒకటే మేత వేసేద్దామా మరి?"

మావారు ఫోను తీసుకుని బయటికి నడిచారు.

ఆరోన్ నాకే చెప్పాడు. అరవై వేల కిలోమీటర్లకోసారి ఆ ఆయిలు మార్చాలట. చెరువు గట్ల మీద, ఎండలో, బరువుతో తిరిగే బండికి నలభై వేలకే. బండి పుస్తకంలో ఏ రకం రాస్తే అదే పోయాలి. రంగు నల్లబడినా, మాడు వాసన వేసినా, గేరు ఆలస్యంగా పడినా కిలోమీటర్లు లెక్కపెట్టకుండా తీసుకురావాలి. మా బండి అన్నీ చెప్పింది. మేమే వినలేదు. తప్పుడు ఆయిలు వేడికి నురగ కట్టి పొంగింది, కారింది. ఎత్తు ఎక్కేసరికి లోపల పట్టు జారింది.

బండి కాస్త వేడి చేసి కింది బిరడా తీశాడు. నల్లగా కారింది. అడుగు ట్రే విప్పి, అయస్కాంతానికి అంటిన ఇనప పొడి తుడిచి, ఫిల్టరు మార్చాడు. "ఒకసారి తీస్తే సగమే వస్తుందండి, మిగతాది లోపలే ఉండిపోతుంది. మూడుసార్లు తీసి పోస్తాను." కొత్తది పోశాక ఇంజను నడుస్తుండగానే లీవరుని ఒక్కో గేరులో కాసేపు ఉంచి, మళ్లీ పార్కులోకి తెచ్చి, కొలకర్రతో చూశాడు. ఎర్రగా, స్వచ్ఛంగా ఉంది.

గుండె కుదుటపడింది. పట్టు, వాసన, నెత్తురు… అన్నింటికీ జవాబు దొరికింది.

చేతులు తుడుచుకుంటూ ఆరోన్ అడిగాడు.

"తొక్కడం ఆపి చల్లారనివ్వమని ఎవరు చెప్పారండి మీకు? ఇంకో రెండు నిమిషాలు తొక్కి ఉంటే లోపల ప్లేట్లు మాడిపోయేవి. బండి అక్కడే ఉండిపోయేది. పాప కూడా…"

"మా అమ్మాయే చెప్పింది."

శ్రీసత్య నా వైపు చూసింది. ముఖంలో రంగు లేదు.

"నేను కాదు మమ్మీ. నాకు ఊపిరే లేదు, మాటెక్కడిది? నాకూ వినపడింది…"

"ఏం వినపడింది?"

"వెనక సీట్లోంచి."



ఇప్పటికీ ఆ దారినే వస్తాం. ఊళ్లోవాళ్లు ఏమన్నా సరే, వంతెన దగ్గర నేను ఆగుతాను. ఇంజను ఆపుతాను. వెనక తలుపు లాక్ తీసి, కాసేపు ఊరుకుంటాను.

దిగుతుందో… ఎక్కుతుందో. వెనక్కి మాత్రం చూడను.