పేరు లేని జంట

కొరియర్ పార్సిళ్లన్నీ పంపినవాళ్ల ఇళ్లకే తిరిగొచ్చిన రోజు అది. ఏ పార్సిల్ ఎక్కడికెళ్లాలో చెప్పే కోడ్ రాసింది తనే కాబట్టి ఆఫీసులో ఎవరు దగ్గినా ఆమెకు తనను చూసే దగ్గారనిపించింది.

పక్క సీటతను కుర్చీ జరుపుకుని వచ్చాడు. ఎవరేం రాసినా తప్పు పడతాడని అతనికి అందరూ పెట్టిన పేరు కొర్రీ. ఆమెకు పెట్టింది తొందర.

"చూడు తొందరా, రెండు అడ్రసులూ టపుల్‌లో పడేశావు. పేర్లు లేని ఉత్త జంట. ముందుది పంపేవాళ్లది, వెనకది అందుకునేవాళ్లదని నీకే తెలుసు. తారుమారైతే కోడ్‌లో తప్పులు వెతికే కంపైలర్ ఎలా పట్టుకుంటుంది పాపం?"

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"కన్‌స్ట్రక్టర్ పెట్టు. పంపేవారు అని పేరున్న డబ్బాలో ఒకటి, అందుకునేవారు అన్న డబ్బాలో ఒకటి. ఇక ఒకదాని చోట ఇంకోటి పెట్టబోతే కంపైలరే అడ్డం పడుతుంది. పేరు పెట్టడానికి అంత బద్ధకమేంటి నీకు?"

ఆ చివరి మాట చురుక్కుమంది. పొద్దున్నే అమ్మ నిలదీసింది, వానొచ్చినప్పుడల్లా ఒకే గొడుగులో గేటు దాకా వచ్చే అబ్బాయి ఎవరని. పక్క సీటు అని చెప్పి తప్పించుకోబోయింది. అది చోటు, మనిషి కాదు అంది అమ్మ. అతనెవరో తేల్చకపోతే ఆదివారం భోజనానికి పిలిచిన తన స్నేహితురాలి కొడుకుతో పెళ్లి మాటలు మొదలుపెడతానని కూడా అంది.

రోజంతా ఇద్దరూ కూర్చుని ఆ కోడ్ సరిచేశారు. ఆమె వేళ్లు కీబోర్డు మీద, మనసు అమ్మ ప్రశ్న దగ్గర. రాసింది చెరిపింది, చెరిపింది రాసింది. దాహం లేకుండానే పదిసార్లు లేచి నీళ్లు తాగింది.

సాయంత్రం వాన పట్టుకుంది. ఆమె గొడుగు కింద సగం తడుస్తూ అతను నడుస్తున్నాడు.

"నువ్వెవరని మా అమ్మ అడిగింది."

"ఏం చెప్పావు?"

"పక్క సీటని."

అతను ఫక్కున నవ్వాడు. ఆమె ఆగిపోయింది.

"పార్సిళ్లకి పేరుండాలని పొద్దున్నంతా క్లాసు పీకావు. మనిద్దరికీ ఏం పేరుందో చెప్పు."

అతను రేపు చెప్తానన్నాడు. ఆమె గొడుగు తీసుకుని చరచరా వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడకూడదనుకుని రెండుసార్లు చూసింది.

మర్నాడు సెలవు. మడతపెట్టిన బట్టలే మళ్లీ మడతపెట్టింది. ఫోను బోర్లించింది, తిరగేసింది. మధ్యాహ్నం మళ్లీ వాన మొదలయ్యాక కాలింగ్ బెల్ మోగింది. ఆమె గదిలోంచి వచ్చేసరికే అమ్మ తలుపు తీసింది.

"ఎవరు బాబూ నువ్వు?"

"మీ అమ్మాయిని పెళ్లి చేసుకోవాలనుకుంటున్నవాణ్ణండి" అన్నాడు కొర్రీ, గుక్క తిప్పుకోకుండా.

అమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "ఈ మాట దానికి చెప్పావా?"

"ఇంకా లేదండి."

గోడకు ఆనుకుని నిలబడ్డ ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "ముందు నాకు చెప్పాలి, తర్వాత అమ్మకి. తారుమారు చేశావు."

అతను చెవులదాకా ఎర్రబడ్డాడు. "మళ్లీ మొదటినుంచీ చెప్పనా?"

"చెప్పు" అంది తొందర. "నాకేం తొందర లేదు."

అమ్మ తడిసిన చెప్పులు బయటే విడవమని అతనికి చెప్పి, ఆదివారం భోజనం రద్దని స్నేహితురాలికి ఫోను చెయ్యడానికి లోపలికి వెళ్లింది.