పరాస్కా ఇంటి మంచుగట్టు

సస్కచెవాన్ చలి గురించి ఎవడు పడితే వాడు చెప్తాడు. ఉమ్మితే కిందపడేలోపు గోళీ అయిపోద్దంటాడు. అదీ ఒక చలేనా! పరాస్కా వాళ్ళూళ్ళో మొన్నటి చలికాలం పడిన చలికి పిల్లి గోడమీంచి దూకితే నీడ గోడకే అతుక్కుపోయింది. పిల్లి వారంపాటు నీడ లేకుండానే తిరిగింది. నమ్మకపోతే మీ ఖర్మ, నేను మాత్రం ఒక్క ముక్క తగ్గించి చెప్పను.

ఆ పిల్లి పరాస్కాదే. పరాస్కా అంటే అరిస్తే పక్కూరి ఆవులు కూడా పాలు ఆపేసేంత గొంతున్న మనిషి. మొగుడు నెస్టర్ పోయి రెండు చలికాలాలైంది. వాడికో పిచ్చి ఉండేది. మొదటి మంచు పడగానే ఇంటిచుట్టూ నడుమెత్తు మంచుగట్టు కట్టేవాడు. పార వెనకవైపుతో పట్... పట్... పట్... అని చరిచి నున్నగా చేసి, ఒక దగ్గు దగ్గేవాడు. దగ్గరికొస్తే వెల్లుల్లి, ట్రాక్టరు గ్రీజు కంపు. ఆ వైపు పాతకాలపోళ్ళంతా అంతే, గట్టు కడితే గాలి నేలకింద దూరదు, ఇల్లు వెచ్చగా ఉంటుంది. కాకపోతే అప్పుడుండేది బొగ్గు పొయ్యి. దాని పొగ పైకప్పుమీంచి పోయేది.

నెస్టర్ పోయాక, మొన్నటి చలికాలం మొదలవకముందే, పరాస్కా ఆ బొగ్గు పొయ్యిని పీకి పారేసి సెల్లారులో ఇల్లంతా వేడిగాలి కొట్టే గ్యాసు ఫర్నేసు పెట్టించింది. "నేను బతికుండగా కుదరదు" అనేవాడుగా! సరే, పోయాడుగా!

ఆరోజు మంచు తుఫాను. మధ్యాహ్నం దాటకుండానే దీపాలు పెట్టుకున్నారు. ఇంట్లో పరాస్కా, కూతురు ఒరీస్యా, ఒరీస్యాకి నెల కూడా నిండని పసిది. అల్లుడు చమురు బావుల పనికి పోయాడు. రోడ్లు మూసేశారు. పొయ్యిమీద పెరోగీలు, అదే ఆలుగడ్డ కూరిన కుడుములు, ఉడుకుతున్నాయి.

ఫర్నేసు ఆగిపోయింది.

"అమ్మా, ఇల్లు చల్లబడిపోతోందే. పిల్ల పెదాలు చూడు, నీలంగా..."

"నీ మాటలు చల్లబడవేమే! దాన్ని రొమ్ముకి హత్తుకో. నేను చూసొస్తా."

పరాస్కా కిందకి దిగి ఫిల్టరు మార్చింది. మంట దగ్గరుండే కడ్డీని గరుకు కాగితంతో రుద్దింది. ఫర్నేసు వెలిగింది. కాసేపు మండింది. టక్కుమని ఆరిపోయింది. ఎర్రలైటు కన్ను కొడుతోంది. ఇక లాభం లేదని ఫర్నేసులు బాగుచేసే వాసిల్‌కి ఫోను చేసింది.

"ఏం పరాస్కా అత్తా, దాన్ని కూడా తిట్టావా? అలిగినట్టుంది."

"అలగడానికి అదేమన్నా నా మొగుడా? వాగుడాపి సంగతి చెప్పు. ఇంట్లో పసిపిల్లుంది."

"బయట పక్కగోడకి తెల్ల గొట్టం ఉంటుంది, చూశావా?"

పరాస్కా నాలిక కరుచుకుంది.

"అత్తా... గట్టు కట్టావు కదూ?"

"కట్టానురా. ముప్పయ్యేళ్ళు చూసిన అలవాటు. చేతులు వాటంతటవే కట్టేశాయి."

వాసిల్ పడీపడీ నవ్వాడు. "దాని ముక్కు మూసి, ఊపిరాడట్లేదని నాకు ఫోను చేస్తావా! అది పీల్చేది, వదిలేది ఆ గొట్టంలోంచే. తవ్వెయ్. స్విచ్ ఆపి మళ్ళీ వెయ్."

ఆ తర్వాత ఫోను తెగిపోయింది.

పరాస్కా నడుముకి తాడు కట్టుకుని, రెండో కొస గుమ్మానికి ముడేసి, పార పట్టుకుని బయటికెళ్ళింది. చెయ్యి చాస్తే చెయ్యి కనపడదు. గోడ తడుముకుంటూ పోయి, గట్టు పగలగొట్టి గొట్టం బయటికి తీసింది. లోపలికొచ్చి స్విచ్ వేసింది. ఫర్నేసు గుర్రుమంది.

"చూశావా!" అని ఒరీస్యా ముందు చెయ్యి తిప్పింది. మహారాణీలా కూచుని పెరోగీలు మొదలెట్టింది.

మళ్ళీ ఆగిపోయింది.

మళ్ళీ తాడు, మళ్ళీ పార. ఈసారి గోడదగ్గర పరాస్కా అలాగే నిలబడిపోయింది. గట్టు మళ్ళీ ఉంది. గాలి ఎగరేసుకొచ్చిన మంచు కాదది. నున్నగా ఉంది. పార వెనకవైపుతో చరిచిన అచ్చులు వరసగా ఉన్నాయి. అడుగుజాడలు మాత్రం... ఒక్కటి లేదు.

వెల్లుల్లి, ట్రాక్టరు గ్రీజు కలిసిన వాసనొకటి ముక్కుకి తగిలింది.

గబగబా తవ్వేసి లోపలికొచ్చింది. స్విచ్ వేసింది. ఇద్దరూ గోడకి చెవి ఆనించి కూచున్నారు.

గోడ అవతల...

పట్.

పట్.

పట్.

ఒక దగ్గు.

"అమ్మా," ఒరీస్యా పిల్లని ఇంకా దగ్గరికి లాక్కుంది. "అది... నాన్న..."

"నోర్ముయ్."

ఫర్నేసు ఆగిపోయింది. పసిదానికి ఏడవడానికి కూడా ఓపిక లేదు. వేళ్ళు మంచుపుల్లల్లా చల్లగా ఉన్నాయి.

ఇంకొకతైతే మూలకి నక్కి దేవుణ్ణి తలుచుకునేది. పరాస్కాకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. తాడు కూడా కట్టుకోలేదు. పార ఎత్తి బయటికి ఉరికింది.

"ఒరేయ్ నెస్టరూ! బతికున్నన్నాళ్ళూ నా మాట వినలేదు, చచ్చాకైనా వినవా! ఇది నీ బొగ్గు పొయ్యి కాదురా! నీ గట్టు నీ మనవరాలి ఊపిరి తీస్తోంది!"

పట్.

"నాకు భయమనుకున్నావా? నీతో ముప్పయ్యేళ్ళు కాపురం చేశాను, దెయ్యానివైతే ఎంత, దేవుడివైతే ఎంత! రా, ఎదటికి రా!"

అంటూనే గట్టుని ఎడాపెడా కొట్టింది. గొట్టం దగ్గరే కాదు, ఇంటిచుట్టూ గట్టన్నది మిగల్లేదు. తర్వాత గొట్టానికి వీపు ఆనించి, పార అడ్డంపెట్టి నిలబడింది. చీకట్లో ఏదో ముందుకొచ్చింది... ఆగింది... చెంపమీద వెచ్చటి గాలి తగిలింది. పరాస్కా రెప్ప వెయ్యలేదు.

"పో," అంది.

పోయింది. వాసన కూడా పోయింది. వీపుకింద గొట్టం బుస్సుమని ఊపిరి వదిలింది.

పరాస్కా గెలిచిన కోడిపుంజులా ఛాతీ విరుచుకుని లోపలికొచ్చింది. ఇల్లు మెల్లగా వేడెక్కింది. కాసేపటికి కిటికీ అద్దాలమీద మంచు కూడా కారిపోయింది. పసిది పాలు తాగి బుగ్గలు ఎర్రబడి నిద్రపోయింది. ఒరీస్యా దాన్ని తొట్టిలో పడుకోబెట్టి, బట్టలు ఆరెయ్యడానికి సెల్లారులోకి వెళ్ళింది. తిరిగొచ్చి కెవ్వుమని అరిచింది.

తొట్టి చుట్టూ... మంచుగట్టు.

బెత్తెడెత్తు. నున్నగా, చరిచిన అచ్చులతో. తలుపు వేసే ఉంది. పక్కనే నేలలోని జాలీలోంచి ఫర్నేసు వేడిగాలి బుసబుసా కొడుతోంది. ఒక్క చుక్క కరగలేదు. పిల్ల మాత్రం లోపల వెచ్చగా, నిద్రలో నవ్వుతోంది.

పరాస్కా ముందు పిల్లని ఎత్తుకుంది. తర్వాత ఆ మంచంతా బకెట్లోకి ఎత్తి, సెల్లారులో ఫర్నేసు పక్కనే పెట్టింది. "కరుగు చూద్దాం," అంది.

ఇప్పుడు జులై. బయట దోమలు, గోధుమ చేలు, ఎండ. పసిది పాకడం మొదలెట్టింది. బకెట్లో మంచు అలాగే ఉంది. రోజూ పొద్దుగూకగానే పరాస్కా కిందకి దిగి, మొండిగా, పెద్ద గరిటెతో దాన్ని కెలికి చిందరవందర చేసి వస్తుంది.

తెల్లారేసరికి ఎవరో దాన్ని మళ్ళీ నున్నగా చరిచి ఉంచుతున్నారు. ఈమధ్య ఆ అచ్చులు పార అచ్చుల్లా లేవు. బుల్లి అరచేతుల్లా ఉన్నాయి.