సోములు గదిలో టీవీ మూలిగింది

చెప్పండి. ఆ సాయంత్రం మీరేం చూశారు?

విన్నది వద్దు. పక్కింటావిడ గుసగుసగా చెప్పిందీ వద్దు. ఏక్‌బాల్‌పూర్ డాక్ కూలీల ఇళ్ళ లైన్లో కుళాయి దాటాక, గోడనానుకుని ఉన్న ఆ చివరి గది ముందు నుంచి దీపాలు పెట్టే వేళ నడిచారు కదా... మీ కళ్ళతో ఏం చూశారు?

అడగడమెందుకంటే, ఆ గదికి చెడ్డపేరు తెచ్చింది చూసినవాళ్ళు కాదు. విన్నవాళ్ళు.

అది సోములు గది. సోములు డాక్‌లో ఓడల సరుకు ఎత్తే వించి నడిపేవాడు. ఒకరోజు తాడుకీ కొక్కేనికీ మధ్య ముడి జారి, పైకెత్తిన సరుకు బేళ్ళు అతని మీదే పడ్డాయి. శవాన్ని తెచ్చి ఒక రాత్రంతా ఆ గదిలోనే ఉంచారు. అతని పెళ్ళాం తవిటమ్మ తర్వాత అక్కడ పడుకోలేక, లైను మొదట్లో తల్లి అప్పమ్మ గదికి వెళ్ళిపోయింది. చివరి గదికి తాళం పడింది.

తాళం పడ్డ గదిని లోకం ఊరికే వదులుతుందా? చీకటి పడ్డాక నీళ్ళకి వెళ్ళే ఆడవాళ్ళు బిందె సగం నిండగానే వెనక్కి వచ్చేసేవారు. లోపల ఎవరో తాడు లాగుతున్నారని ఒకరు. దగ్గు వినపడిందని ఒకరు. చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు!

ఆ మాటలు పేటలో క్లబ్బు నడిపే పోలిరాజు చెవికి తియ్యగా తగిలేవి. ఎర్రజెండా సర్కారుకి అవి ఆఖరి ఏళ్ళు. అయినా పాడాలో, అంటే ఆ పేటలో, క్లబ్బు మాటంటే మాటే. ఖాళీ గది క్లబ్బుకివ్వాలని, క్యారమ్ బోర్డు పెట్టుకుంటామని పోలిరాజు అప్పటికి ఎన్నిసార్లు అడిగాడో. తవిటమ్మ ఇవ్వలేదు. ఆ లైన్లో గదులు ఎవరూ దానం చేసినవి కావు. హర్తాళ్ళు చేసి, లాఠీలు తిని, పస్తులుండి సంపాదించుకున్నవి. సోములు వీపు మీద ఆ గది తాలూకు మచ్చ చచ్చేదాకా ఉంది.

గది నిలబెట్టుకోవాలంటే అందులో దీపం వెలగాలి. నలుగురు రావాలి. తవిటమ్మ అక్కడ ఆటల దుకాణం పెట్టింది.

ఆమె తమ్ముడు గోపీనాథ్ ఓడలో వంటవాడు. ఓడలో పెద్ద టీవీకి తగిలించి ఆడుకున్న ఆటల పెట్టె ఒకటి పాతబడితే తెచ్చి అక్కకిచ్చాడు. ఇంట్లో ఉన్నదేమో లావుపాటి పాత డబ్బా టీవీ. మొదటి రోజు తగిలిస్తే తెర నల్లగా ఉండిపోయింది. పెట్టె లోపల దీపం వెలుగుతోంది, బొమ్మ మాత్రం లేదు.

గోపీనాథ్ నవ్వాడు. ఇది ఇంకా ఓడలో పెద్ద టీవీ ముందే ఉన్నాననుకుంటోంది, ఆ కొలతకే బొమ్మ పంపుతోంది, ఈ డబ్బాకి అంత బొమ్మ పట్టదు అన్నాడు. పెట్టె బటన్ అదిమి పట్టుకున్నాడు. ఒకసారి కూత పెట్టింది. వదల్లేదు. రెండోసారి కూత పెట్టింది. అప్పుడు తెర మీద చిన్న బొమ్మ, దాని కింద ఇంగ్లీషులో ఏదో ప్రశ్న.

"కనిపిస్తోందా అని అడుగుతోందప్పా. కనిపిస్తే ఈ బటన్ నొక్కు. నొక్కకపోతే, నీకు కనపడలేదనుకుని మళ్ళీ నల్లగా అయిపోద్ది."

తీగలు మూడు. పసుపుపచ్చది బొమ్మకి, తెల్లదీ ఎర్రదీ చప్పుడికి. రంగుకి రంగు కలిపితే చాలని చెప్పి గోపీనాథ్ ఓడెక్కి వెళ్ళిపోయాడు.

దుకాణం నడిచింది. సాయంత్రమైతే డాక్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు, పెద్దాళ్ళు కూడా, ఫుట్‌బాల్ ఆట కోసం వరస కట్టేవారు. దెయ్యం గదిలోంచి గోల్ అనే కేకలు వస్తుంటే పోలిరాజు ముఖం ముడుచుకుని పోయేవాడు.

అంతలో విశ్వకర్మ పూజ వచ్చింది.

ఆ రోజు యంత్రానికి పని చెప్పరు. లారీ, రిక్షా, కుట్టుమిషను... అన్నిటికీ కడుగుడు, బొట్టు, దండ. డాక్‌లో వించి నడిపేవాళ్ళకి ఇంకో ఆచారం ఉంది. వాళ్ళు యంత్రం నుదుట బొట్టు పెట్టి ఊరుకోరు. తాడు నుంచి కొక్కేన్ని విడదీస్తారు. రెండూ కలిసే చోట పసుపు పూసి, బొటనవేలితో కింద నుంచి పైకి కుంకం గీస్తారు. మర్నాడే కలుపుతారు. తెగేది కలిసే చోటే కదా, దేవుడు కాయాల్సింది అక్కడే అనేవాడు సోములు. అతను పోయిన ఏడాది, ఓడల హడావుడిలో కొక్కెం విప్పలేదనీ, బొట్టు పెట్టలేదనీ లైన్లో ఇప్పటికీ అంటారు.

తవిటమ్మ ఆ రోజు తీగలు పీకింది. టీవీ నుదుట బొట్టు పెట్టింది. పెట్టె మీద బొట్టు పెట్టింది. తీగలకి మాత్రం ఏమీ పెట్టలేదు. కరెంటు వస్తువు మొనల మీద తడి పసుపు పెట్టడం ఆమెకి భయం. తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుంది. రెండో చెవి గది లోపలే, సోములు ఫోటో వెనక మేకుకి ఉంది.

మర్నాడు చీకటి పడ్డాక తాళం తీసింది. కరెంటు ఓల్టేజి లేక బల్బు నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతోంది. ఆ గుడ్డి వెలుగులోనే టీవీ వెనక్కి చెయ్యి పెట్టి, రంగుకి రంగు చూసుకుని రెండు తీగలు తగిలించి, మిగిలినదాన్ని మిగిలిన కన్నంలో పెట్టింది. స్విచ్చి వేసింది.

టీవీ మూలిగింది.

తెర నల్లగా ఉంది... ఆ నలుపులో సన్నటి గీతలు వణుకుతున్నాయి. స్పీకరులోంచి మాత్రం... గొంతు తెగినవాడు గాలి పీల్చుతున్నట్టు... బరువు కింద నలిగినవాడు పిలవబోయి పిలవలేనట్టు...

ఆమె చేతిలోని ఆట బటన్ నొక్కింది. మూలుగు మారింది.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ మారింది. వింటున్నట్టు. జవాబు చెబుతున్నట్టు.

ఆట కోసం గుమ్మంలో నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. ఒకడు చెప్పులు వదిలేసి పోయాడు. కుళాయి దగ్గర బిందె దొర్లిన చప్పుడు...

పోలిరాజు రాకుండా ఉంటాడా? వచ్చాడు. గడప బయటే నిలబడి వదిన వరస కలిపాడు.

"బౌదీ, సోములు దాదా ఆత్మకి శాంతి లేదు. రేపు సాయంత్రం క్లబ్బు కమిటీ వస్తుంది. అప్పటికీ ఇదే గోలైతే తాళంచెవి క్లబ్బుకిచ్చెయ్. శాంతి మేం చేయిస్తాం."

ఆ మాటతో తవిటమ్మ భయం సగం విరిగింది. మిగతా సగం కోపమైంది. శాంతి సోములికా, క్యారమ్ బోర్డుకా? గది తీసుకోవాలనుకున్నవాడికి దెయ్యం ఎంత సమయానికి దొరికింది! ఇందులో ఎవరి చెయ్యో ఉంది అనుకుంది. ఆ రాత్రి ఆమెకి పోలిరాజు మీద అనుమానం. తెల్లారేసరికి లైన్లో అందరి మీదా అనుమానం.

మర్నాడు సాయంత్రం కమిటీ వచ్చింది. ఒక్కడూ గడప దాటలేదు. సోములు జతగాడు గవరయ్య ఒక్కడే గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. తవిటమ్మ లోపలికెళ్ళి స్విచ్చి వేసింది.

మూలుగు.

బటన్ అదిమి పట్టుకుంది. కూత. ఇంకోసారి కూత. బొమ్మ రాలేదు. ఆ కూత తర్వాత మూలుగు మాత్రం సన్నబడింది... ఆగింది... మళ్ళీ మొదలైంది.

గుమ్మం బయట ఎవరో దణ్ణం పెట్టుకున్నారు. పోలిరాజు చెయ్యి చాచాడు, తాళంచెవి కోసం.

"సెల్లెమ్మా, బయటకొచ్చెయ్యి..." గవరయ్య గుమ్మంలోంచే పిలిచాడు. "ఆడు ఒప్పుకోడం లేదు."

"ఒప్పుకోకపోతే నా ముందుకొచ్చి సెప్పమను అన్నా. ఈ గది కోసం దెబ్బలు తిన్నోడు, దీన్ని క్లబ్బోలికి ఇచ్చెయ్యమని మూలుగుతాడేటి?"

అని, టీవీ వెనక్కి వంగి మూడు తీగలూ ఒక్క గుంజు గుంజింది.

మూలుగు ఆగింది.

చేతిలో తీగ మొనలు. వేళ్ళకి ఏదో అంటుకుంది. వాసన చూసింది... పసుపు. బయటి నుంచి ఒకరి టార్చి అడిగి తీసుకుని వెలుగు వేసింది. తెల్లమొన పసుపు పూతతో పచ్చగా ఉంది. పసుపుపచ్చ తీగ మొన మీద కుంకం మందంగా మెత్తి ఎర్రగా ఉంది. ఆమె రంగుకి రంగే కలిపింది... కలిపినవి మాత్రం అసలు రంగులు కావు. చప్పుడు తీగ బొమ్మ కన్నంలో, బొమ్మ తీగ చప్పుడు కన్నంలో! బొమ్మని తీసుకెళ్ళి చప్పుడుగా వినిపించమంటే స్పీకరు మూలగక ఏం చేస్తుంది? బటన్ నొక్కితే బొమ్మ మారుతుంది, బొమ్మ మారితే మూలుగు మారుతుంది. జవాబూ లేదు, గొంతూ లేదు.

కొంగుతో మూడు మొనలూ తుడిచింది. తెలుపు తెలుపుగా, పచ్చ పచ్చగా బయటపడ్డాయి. తగిలించింది. పెట్టె బటన్ అదిమి పట్టుకుంది. రెండు కూతలు. తెర మీద చిన్న బొమ్మ, కింద ప్రశ్న. నొక్కింది.

పచ్చటి మైదానం విచ్చుకుంది. జనం కేకలు గదంతా నిండాయి. గుమ్మం దగ్గర నవ్వులు లేచాయి. చెప్పులు వదిలి పోయినవాడు వచ్చి అందరికంటే గట్టిగా నవ్వాడు. కమిటీ పెద్ద ఒకాయన పోలిరాజు భుజం తట్టి, నీ దెయ్యానికి ఫుట్‌బాల్ వచ్చురా అన్నాడు. పోలిరాజు చాచిన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. గది తవిటమ్మదే అయింది. ఈనాటికీ ఆమెదే.

కథ ఇక్కడ ముగిస్తే అందరికీ సుఖం.

కానీ అందరూ ఆటలో పడ్డాక తవిటమ్మ గుండెల్లో ఒక ముల్లు కదిలింది. తీగలకి ఆమె పసుపు పెట్టలేదు. మరి పెట్టిందెవరు?

పోలిరాజు చేతులు చూసింది. శుభ్రంగా ఉన్నాయి. తల్లి చేతులు చూసింది. పచ్చగా ఉన్నాయి... పూజ అయిన రెండో రోజు లైన్లో ఏ ఆడదాని చెయ్యి పచ్చగా లేదు? తల్లిని అడిగింది. ఆ గదిలో అడుగు పెట్టి రెండేళ్ళయిందని అప్పమ్మ ఒట్టేసింది. ఫోటో వెనక మేకు చూసింది. రెండో చెవి అక్కడే ఉంది. దాని మీద దుమ్ము కూడా చెదరలేదు. తాళం మీద గీత లేదు.

పోలిరాజు చేసుంటాడనుకుందామంటే, అతనికి ఈ ఆచారమే తెలియదు. అతను డాక్‌లో ఒక్కరోజు పని చేసినవాడు కాదు. కలిసే చోట్లు వెతికి వెతికి బొట్టు పెట్టడం వించి మనుషుల పని.

గవరయ్యని లోపలికి పిలిచింది. టీవీ వెనక, తీగలు కలిసే కన్నాల పక్కన, టార్చి పట్టుకుంది. అక్కడ ఒక కుంకం గీత. బొటనవేలితో, కింద నుంచి పైకి.

గవరయ్య వంగి చూశాడు. 

ఆ గీత మధ్యలో సన్నగా, నిలువుగా, కుంకం అంటని చీలిక ఉంది. ఇనపతాడు కోసుకుపోయి ఎప్పటికీ పూడని చీలిక ఉన్న బొటనవేలు ఆ లైన్లో ఒక్క సోములికే ఉండేది.

"ఇది..." అన్నాడు గవరయ్య.  చేతులు రెండూ లుంగీ మడతలో దాచుకుని బయటికి నడిచాడు. అతని చేతులు ఎలా ఉన్నాయో తవిటమ్మ చూడలేకపోయింది.

అదీ జరిగింది. ఆ గీతని ఆమె ఇప్పటికీ తుడవలేదు. అడిగితే చూపిస్తుంది.

ఇప్పుడు మళ్ళీ మీ వంతు. పూజ నాటి సాయంత్రం మీరు కుళాయి దగ్గరే ఉన్నారు. మీ బిందె నిండుతోంది. చివరి గదికి తాళం వేసే ఉంది. నిజం చెప్పండి — ఆ గదిలోంచి ఎవరు బయటికి రావడం చూశారు?