బంగారం లాంటి బ్లాకు

మూడో మలుపులో కారు ముందుభాగం ఢామ్మని పేలింది. మంట పైకి లేచేలోపే డ్రోన్లు వాలి నురుగు కప్పేశాయి. పైడితల్లి తలుపు తన్నుకుని బయటపడింది. ఎడమచేయి కమిలిపోయింది.

షెడ్డులో సౌదామిని అదంతా తెర మీద చూసింది. ఆ ఇంజనుకు బ్లాకును, అంటే సిలిండర్లుండే ఇనుప దిమ్మను, ఎంచింది తన యంత్రమే.

అది 2087. కార్లన్నీ వాటంతటవే నడుస్తున్నాయి. మనుషులు స్టీరింగు పట్టేది భీమిలి ట్రాకులో మాత్రమే. అక్కడ ఈ రోజు పరుగు పూర్తిచేయకపోతే పైడితల్లి లైసెన్సు రద్దవుతుంది. ఇక జన్మలో కారు నడపలేదు.

కొత్త ఇంజను బ్లాకులు పోతపోసే వాళ్ళు ఎప్పుడో పోయారు. పాత ఇనుములోనే మంచిది వెతుక్కోవాలి. పైగా ఇది టర్బో ఇంజను. టర్బో గాలిని కుక్కికుక్కి సిలిండర్లలోకి తోస్తుంది. ఆ ఒత్తిడంతా బ్లాకు గోడలే కాయాలి. లోపల వెంట్రుకంత పగులున్నా అది ఇంజను కాదు, బాంబు.

ఆ పగులును వినడానికే సౌదామిని 'లోహకర్ణం' తయారుచేసింది. అది బ్లాకును చిన్న సుత్తితో తట్టి, ఇనుప రేణువుల ప్రకంపనలు వింటుంది. విన్నదాన్ని మనుషుల మాటల్లో చెప్పడం నేర్చుకోవాలని దాన్ని మూడేళ్ళపాటు ఈ షెడ్డులోనే ఉంచింది. షెడ్డు పైడితల్లి తండ్రి గవర్రాజుది. బ్లాకును తట్టి దాని జాతకం చెప్పడంలో ఆయన తర్వాతే ఎవరైనా. చెవి కాస్త మందగించాక ఈమధ్యే సుత్తి పక్కన పెట్టాడు.

"తప్పెవరిదో తేల్చి పేరు చెప్పండి. లేకపోతే రెండో పరుగుకు అనుమతి లేదు" అంది స్పీకర్లో ట్రాకు అధికారి గొంతు. "గంట టైము."

గవర్రాజు సౌదామిని మీదికి వచ్చాడు. "ఎంతకి అమ్ముడుపోనావమ్మా? బంగారం లాంటి బ్లాకని సెప్పింది కదా నీ మిషను! నా కూతురు గుంట సచ్చిపోయేది!"

"నా యంత్రం తప్పు చెప్పదు బాబాయ్. మార్కెట్లో అన్ని బ్లాకులు పరీక్షించాం. ఒక్కటైనా తప్పిందా?"

"అయి మామూలు కార్లయి. ఏదో ఓ మాదిరి సరుకు!"

పైడితల్లి చేతికి కట్టు కట్టుకుంటూ లోపలికి వచ్చింది. "కొట్లాట తర్వాత. ఇంకేటున్నాయి?"

మిగిలినవి రెండే బ్లాకులు. షెడ్డులోని రోబో మరచేతులు అరగంటలో ఇంజను కూర్చేస్తాయి. ఏ బ్లాకుతో కూర్చాలన్నదే తేలాలి. లోహకర్ణం రెండింటినీ తట్టింది.

"ఎడమది బంగారం. కుడిది తుక్కు."

"ఎడమది ఎత్తండి" అంది పైడితల్లి.

"ఆగు!" సౌదామినికి ఎక్కడో తేడా కొట్టింది. పేలినదాన్ని కూడా యంత్రం బంగారమనే అంది. యంత్రం చెవి చెడిపోలేదు. మరి చెడింది నోరా? ఆమె యంత్రం ముందు నిలబడింది.

"బంగారం అంటే ఏమిటి?"

"గోడలు పలచబడి, లోపల పగుళ్ళున్న బ్లాకు."



"మరి తుక్కు?"

"ఏ లోపమూ లేనిది. చాలా అరుదు."

"ఏ నిఘంటువులో ఉందే అలాగని?" గవర్రాజు అరిచాడు. "ఎవడు నేర్పాడు నీకు?"

జవాబుగా లోహకర్ణం పాత మాటలు వినిపించింది. సుత్తి దెబ్బ, చచ్చు చప్పుడు, వెంటనే గవర్రాజు వెటకారం: "ఆహా, బంగారం! పట్టుకెళ్ళి పూజలో పెట్టుకో!" మళ్ళీ సుత్తి దెబ్బ. ఈసారి గుడిగంటలా ఖంగుమంది. గవర్రాజు గొంతు తగ్గింది: "ఉత్త తుక్కు. ఓ మూల పడీరా, ఎవడి కంటా పడనీకు."

మంచిదాన్ని పైకి మంచిదంటే దిష్టి తగులుతుందని ఆయన భయం. ఓ మాదిరి సరుకును మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేవాడు. అందుకే మార్కెట్లో యంత్రం ఎన్నడూ తప్పలేదు. ఏ భాషలో పెరిగిందో ఆ భాషే మాట్లాడింది.

గవర్రాజు స్టూలు మీద కూలబడ్డాడు.

"అయితే నాన్నా," పైడితల్లి ఆయన ముందు గొంతుకూచుంది, "'నీకు డ్రైవింగు రాదే మొద్దుదానా' అని నన్ను రోజూ తిడతావు కదా..."

"మరేటనమంటావే? బాగా తోల్తన్నావని పదిమందిలో అంటే తగలదేటి?" ఆయన మొహం పక్కకు తిప్పేసుకున్నాడు.

 పైడితల్లి లేచి, మరచేతులకు కుడివైపు బ్లాకు చూపించింది.

"టైము అయిపోతోంది. తప్పెవరిది?" స్పీకరు గద్దించింది.

సౌదామిని చెప్పబోయింది. పైడితల్లి ఆమెను చేత్తో ఆపి, తనే మైకు అందుకుంది.

"రాసుకోండి సార్. మీసాల గవర్రాజు. మా నాన్న." గొంతు సవరించుకుంది. "అలాంటి పనికిమాలిన మనిషి ఈ భూమ్మీద ఇంకోడు లేడు."