ఎల్లప్పుడూ అనుమతించు

నాది తాళాలు తీసే పని. దొంగను కాను లెండి. తాళంచెవి పోగొట్టుకుని సొంత గుమ్మం ముందే బిక్కమొహం వేసుకుని నిలబడ్డవాళ్లు ఫోన్ చేస్తే వెళ్లి తలుపు తీసిపెడతాను. ఇరవై ఏళ్లుగా ఇదే పని. ఇందులో ఒక్కటే కట్టుబాటు. ఇంటివాళ్లు పక్కన నిలబడి "తియ్యి" అని నోటితో అనాలి. అనేదాకా తాళం మీద చెయ్యి వెయ్యకూడదు. తల ఊపినా చాలదు. నాకు పని నేర్పిన పెద్దాయన మొదటిరోజే ఆ ముక్క చెవిలో వేశాడు. నేనూ తప్పలేదు, మా ఆవిడ ఫోన్ దాకా.

మా ఆవిడ చెవులు పరీక్షించే కేంద్రంలో పనిచేస్తుంది. అక్కడొక బుల్లి గది ఉంది. వినికిడి తగ్గినవాళ్లను అందులో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, బయట మెషీన్ దగ్గర కూర్చుని సన్నటి కూతలు వినిపిస్తుంది. వినపడితే వాళ్లు మీట నొక్కాలి. గోడలకు మందపాటి స్పాంజి, జానెడు మందం తలుపు. బయట లారీ పోయినా లోపలికి తెలియదు.

నాకు అసూయ అని ఎవరైనా అంటే అప్పట్లో కొట్టినంత పని చేసేవాణ్ణి. అది జాగ్రత్త అనేవాణ్ణి. ఆవిడ అద్దం ముందు ఒక్క నిమిషం ఎక్కువ నిలబడితే ఎవడికోసమో అనిపించేది. ఫోన్ చూసుకుని నవ్వితే కడుపు మండిపోయేది.

"ఏంటా నవ్వు?"

"అక్క పిల్లి వీడియో పంపింది. మీరూ చూడండి."

చూసేవాణ్ణి. నిజంగానే పిల్లి. చూశాక కూడా మంట ఆరేది కాదు. ఆ పిల్లి మీద కూడా ఒళ్లు మండేది.

ఆవిడ ఫోన్లో ఒక యాప్ ఉండేది. ఆడవాళ్లు నెలసరి తేదీలు గుర్తుపెట్టుకోవడానికి వాడతారే, అలాంటిది. చేతి గడియారంతో కలిపి గుండె ఎంత కొట్టుకుంటోందో, ఎక్కడెక్కడ తిరిగిందో కూడా లెక్క చెప్తుందట. సాయంత్రం పూట మనసులో మాట నాలుగు ముక్కలు చెప్పుకుంటే రాసి దాచిపెడుతుందట. ఆవిడ రోజూ బాల్కనీలో నిలబడి దానికి గుసగుసలు చెప్పుకునేది. నాతో చెప్పని మాటలు ఒక ఫోన్‌తో చెప్పుకుంటోందని నాకు నిద్ర పట్టేది కాదు.

ఒక ఆదివారం పొద్దున ఆవిడ స్నానానికి వెళ్లింది. ఫోన్ బల్ల మీద ఉంది. ఏ మీట మీద వేళ్లు ఎక్కువ పడ్డాయో అరుగుదల చూసి చెప్పడం నా వృత్తి. ఫోన్ అద్దాన్ని కిటికీ వెలుతురుకి ఏటవాలుగా పట్టుకున్నాను. వేలి జిడ్డు గీత గీసినట్టు కనిపించింది. రెండో ప్రయత్నానికే తెరుచుకుంది. ఆ యాప్‌లో 'భాగస్వామిని కలుపుకోండి' అని ఉంది. నా నంబర్ కొట్టాను. అది ఆవిణ్ణి అడిగింది... అంటే ఆవిడ అనుకుని నన్ను అడిగింది. 'మీ భాగస్వామి మీతో ఉండడానికి అనుమతిస్తున్నారా?' కింద రెండు మాటలు. 'ఈ ఒక్కసారికి'. 'ఎల్లప్పుడూ'.

స్నానాల గదిలో నీళ్ల చప్పుడు ఆగింది. గబుక్కున 'ఎల్లప్పుడూ' నొక్కేశాను.

ఆ రోజు నుంచి ఆవిడ గుండె నా జేబులో ఉంది. ఏ గుమ్మం ముందు మోకాళ్ల మీద కూర్చుని పని చేస్తున్నా, మధ్యలో ఫోన్ తీసి చూసుకునేవాణ్ణి. డెబ్బై రెండు. డెబ్బై నాలుగు. రోజుకి నలభైసార్లు చూసి ఉంటాను. సాయంత్రం ఆవిడ చెప్పుకున్న మాటలు చదివేవాణ్ణి. మొదటి వారం అంతా చప్పటి సంగతులే. 'తలనొప్పి. ఆయన ఇవాళ చిరాగ్గా ఉన్నారు.' సిగ్గుపడాల్సింది పోయి, నన్ను తిట్టుకోలేదని మురిసిపోయాను.

రెండో వారంలో పిడుగు పడింది.

'ఇవాళ వచ్చాడు. బస్సులో నా పక్కనే కూర్చున్నాడు. ఏమీ మాట్లాడలేదు.'

మర్నాడు: 'కేంద్రంలో కూడా నా పక్కనే ఉన్నాడు. ఆయనకి చెప్పలేను. చెప్తే ఏమనుకుంటారో.'

ఆ మర్నాడు: 'మెడ మీద ఊపిరి తగిలింది.'

నా చేతిలో ఫోన్ పగలాల్సింది. ఎలా ఆగానో తెలియదు. వాడు ఆ కేంద్రంలోని చెవుల డాక్టరే అనుకున్నాను. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, నవ్వితే బుగ్గ సొట్ట పడుతుంది. ఆ సొట్టని తలుచుకుని పళ్లు కొరుక్కున్నాను. ఆవిణ్ణి మాత్రం ఏమీ అడగలేదు. రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకోవాలి అనుకున్నాను. ఇంకా ఎక్కువసార్లు యాప్ తెరిచాను. నేను ఎంత చూస్తే వాడు అంత వచ్చేవాడు. అప్పుడు నాకది తట్టలేదు.

గురువారం సాయంత్రం ఆరున్నర. కేంద్రం ఆరింటికే మూసేస్తారు. ఆవిడ ఇంకా అక్కడే ఉందని యాప్ చెప్పింది. గుండె నూట పద్దెనిమిది.

వానలో తడుస్తూ పోయాను. మెట్ల దగ్గర నేల తుడుస్తున్న ఆయమ్మ నన్ను చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏం బాబూ, పెళ్లాన్ని తీసుకెళ్లడానికొచ్చావా? పైన ఒక్కతే కూర్చుంది."

"ఒక్కతేనా? డాక్టరు గారు?"

"ఆయన పోయి గంటైంది. ఒక్క పెళ్లాం చాలదేంటి, ఎందరుండాలి నీకు?" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. మూడో అంతస్తుకి ఎక్కాను. వరండాలో ఒక్క లైటు వెలుగుతోంది. స్పిరిట్ వాసన, తడిసిన గోడ వాసన. కుర్చీలన్నీ ఖాళీ. అంత పెద్ద వాన పడుతున్నా లోపలికి వెళ్లేకొద్దీ చప్పుడు తగ్గిపోయింది. చివరి గదిలోకి అడుగుపెట్టేసరికి నా చెప్పుల తడి చప్పుడు ఒక్కటే మిగిలింది.

బుల్లి గది తలుపు మూసి ఉంది. తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూశాను. లోపల మా ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. కళ్లు గట్టిగా మూసుకుంది. పక్కన ఎవరూ లేరు. నలుమూలలా చూశాను. దాక్కోవడానికి బీరువా కూడా లేదు.

బయట మెషీన్ మీద ఒక హెడ్‌ఫోన్ ఉంది. లోపలివాళ్ల మాట వినడానికి పెట్టుకునేది. ఎవడితోనైనా ఫోన్లో మాట్లాడుతోందేమో అని దాన్ని చెవులకు తగిలించుకున్నాను.

ఆవిడ ఊపిరి వినిపించింది. బెదిరినట్టు, పొట్టిగా.

దాని పక్కనే... ఇంకో ఊపిరి.

బరువుగా ఉంది. నెమ్మదిగా. పీల్చిన ప్రతిసారీ చివర్లో సన్నటి ఈల.

ఆ ఈల నాకు తెలుసు. చిన్నప్పుడు గోడ దూకబోయి ముక్కు విరగ్గొట్టుకున్నాను. అప్పటినుంచి నా ముక్కు అలాగే కూస్తుంది. నా ఊపిరే ఎలాగో మైకులో పడుతోంది అనుకున్నాను. నోరూ ముక్కూ మూసుకున్నాను. ఊపిరి బిగబట్టాను.

లోపల ఈల ఆగలేదు.

ఒకటి... రెండు... మూడు...

కళ్లు బైర్లు కమ్మాయి. చేతిలో ఫోన్ ఇంకా యాప్ చూపిస్తూనే ఉంది. నూట ముప్పై ఒకటి. వేలు జారి ఫోన్ పక్కనున్న మీట నొక్కుకుపోయింది. తెర ఆరిపోయింది.

ఈల ఆగిపోయింది.

మళ్లీ యాప్ తెరిచాను. ఈల... ఈసారి ఇంకా దగ్గరగా. లోపల మా ఆవిడ మెడ ముడుచుకుంది. ఆర్పాను. ఆగింది. తెరిచాను. వచ్చింది.

ఎవడిమీదైతే ఇన్నాళ్లూ ఏడ్చానో, వాడు నేనే.

తలుపు తెరుచుకుంది. నన్ను చూసి ఆవిడ గట్టిగా పట్టుకుంది. చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి.

"ఏమండీ... మీరు విన్నారా?" గుసగుసగా అడిగింది. "కంటికి కనపడరు కానీ, ఎవరో పక్కనే ఉండి నన్ను చూస్తూ ఉంటారు. బస్సులో, ఇక్కడ, స్నానం చేస్తుంటే కూడా. నా భ్రమేనేమో, ఏ చప్పుడూ రాని గదిలో కూర్చుంటే తేలిపోతుందని... చెప్పండి. విన్నారా?"

అప్పుడు చెప్పేసి ఉంటే సరిపోయేది. కాళ్ల మీద పడైనా చెప్పాల్సింది. ఫోన్ జేబులోకి తోసేశాను.

"లేదే. ఏమీ వినపడలేదు."

ఆవిడ చేతులు సడలిపోయాయి. "అయితే నాకే పిచ్చి పట్టిందన్నమాట," అంది. ఆ మొహం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మెట్లు దిగుతూ ఆవిడ వెనకాల నడిచి, యాప్‌లోంచి నా పేరు తీసేశాను. 'మీరు తప్పుకున్నారు. మీ భాగస్వామికి తోడు కొనసాగుతుంది' అని ఏదో వచ్చింది. సరిగ్గా చదవలేదు. పీడ పోయింది అనుకున్నాను.

నిజంగానే పోయినట్టు ఉంది. ఆవిడ బాగా తింటోంది. నిద్రపోతోంది. వంటింట్లో ఏదో పాట కూనిరాగం తీస్తోంది. సంతోషించాలి కదా? నాకు మళ్లీ మంట మొదలైంది. ఎందుకంత హాయిగా ఉంది? ఎవరు చేశారు హాయిగా?

ఒకరోజు తల దువ్వుకుంటూ అంది, "నిన్న బస్టాప్‌కి గొడుగు పట్టుకొచ్చారు చూడండి, ఎంత బాగుందో."

నిన్న నేను ఊరి అవతల ఒక గోడౌన్ షట్టర్ దగ్గర ఉన్నాను.

"ఒక్క ప్రశ్న కూడా అడగలేదు," అంది ఆవిడ. "ఎందుకు ఆలస్యం, ఎవరితో మాట్లాడావు... ఏమీ లేదు. పక్కన నడిచారు, అంతే. ఎప్పుడూ అలాగే ఉండండి, ప్లీజ్."

తల ఊపాను. నాలాంటి వాడెవడో నాకంటే మంచివాడు మా ఆవిడ పక్కన నడుస్తున్నాడు. ఆ డాక్టరే అయినా బాగుండేది, వెళ్లి కాలర్ పట్టుకునేవాణ్ణి. వీణ్ణి ఏమని పట్టుకోను?

ఇక దాచి లాభం లేదనుకున్నాను. మర్నాడు సాయంత్రం అంతా చెప్పేద్దామని పని మానేసి ఇంట్లో కూర్చున్నాను. ఆరైంది. ఏడైంది. ఆవిడ రాలేదు. ఫోన్ చేశాను.

"హలో, ఎవరండీ?"

"నేనే."

"నేనంటే?"

"నేనే... మీ ఆయన్ని. ఎక్కడున్నావే? నీతో ఒక మాట చెప్పాలి. ఆ యాప్..."

ఆవిడ ఫోన్ పక్కకి పెట్టి ఎవరితోనో గుసగుసగా అంది. "ఏమండీ... ఎవరో అచ్చం మీలా మాట్లాడుతున్నారు. నాకు భయంగా ఉంది."

ఫోన్ చేతులు మారింది.

"వదిలెయ్యండి ఆవిణ్ణి," అన్నాడు వాడు. "చాలు. ఇప్పటికే చాలా భయపడింది."

గొంతు నాదే. కానీ నా జన్మలో నేనంత నెమ్మదిగా మాట్లాడి ఎరగను.

ఫోన్ పెట్టేశాడు. నేను భోజనాల బల్ల దగ్గర కుర్చీలో కూలబడ్డాను. పది నిమిషాలకి మెట్ల మీద రెండు జతల అడుగులు వినిపించాయి. మాటలు. ఆవిడ నవ్వు. తలుపు తెరుచుకుంది. లైటు వెలిగింది.

ఆవిడ ముందు వచ్చింది. వెనక వాడు, నా చొక్కా వేసుకుని, కూరగాయల సంచీ పట్టుకుని.

"ఏమే," అన్నాను.

ఆవిడ తిరగలేదు. గట్టిగా అరిచాను. గొంతు నరాలు తెగేలా అరిచాను. ఆవిడ సంచీ అందుకుని వంటింట్లోకి వెళ్లి, రెండు కంచాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. వాడు చేతులు కడుక్కుని వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. నా వైపు ఒక్కసారి చూశాడు. కోపంగా కాదు. జాలిగా.

"ఈ మూడో కుర్చీ ఎప్పుడూ కాళ్లకి అడ్డం," అంది మా ఆవిడ. ఒక్క చేత్తో దాని వీపు పట్టుకుని, ఖాళీ కుర్చీని జరిపినంత తేలిగ్గా, మూలకి తోసేసింది.

నేను ఆ కుర్చీలోనే కూర్చుని ఉన్నాను.